ఫోన్ ఇస్తే ఏడుపు ఆగుతుంది, మరి కోపం?

"ఫోన్ చేతిలో పెట్టగానే టక్కున ఆపేస్తాడు మేడం. అంటే అదంతా నాటకమే కదా?"

కూకట్‌పల్లిలో మా క్లినిక్‌కి మూడు నాలుగేళ్ల పిల్లల్ని తీసుకొచ్చేవాళ్లలో ఈ మాట అననివాళ్లు తక్కువ. పిల్లల సైకాలజిస్టుగా నేను వినీ వినీ విసిగిపోయిన అపోహ ఇదే.

నాటకం కాదు. మూడేళ్లవాడికి కోపం మనకొచ్చినంత గట్టిగానే వస్తుంది. దాన్ని అదుపు చేయాల్సిన మెదడు ముందుభాగం మాత్రం పూర్తిగా ఎదిగేసరికి పాతికేళ్లు నిండుతాయి. ఫోన్ చూసి ఊరుకున్నాడంటే దృష్టి మళ్లిందంతే. కోపం వచ్చినప్పుడు ఎలా తమాయించుకోవాలో నేర్చుకునే అవకాశం పోయింది. రేపు మళ్లీ కోపం వస్తుంది, మళ్లీ ఫోనే కావాలి. మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు 3-5 ఏళ్ల పిల్లల మీద చేసిన అధ్యయనం 2022లో వచ్చింది. ఊరుకోబెట్టడానికి తరచూ ఫోనో ట్యాబో ఇచ్చిన ఇళ్లలో, కొన్నాళ్లకు పిల్లల చిరాకు, ఉద్రేకం పెరిగాయి. మగపిల్లల్లో మరీనూ. ఎప్పుడో ఒకసారి రైల్లో ఇచ్చామని బెంగపడకండి. నేను చెప్పేది రోజువారీ అలవాటు గురించి.

"మరి నుమాయిష్‌లో అందరి ముందూ కిందపడి దొర్లుతుంటే ఏం చేయమంటారు?" అని ఒకావిడ ఏడ్చినంత పని చేశారు. ఆ చూపులు తట్టుకోవడం కష్టమే. దారి పోయే ప్రతివాళ్లూ పెంపకం గురించి ఓ మాట విసిరి పోతారు. వాళ్లను వదిలేయండి. పిల్లాణ్ని పక్కకు తీసుకెళ్లి, మీరూ కింద కూర్చోండి. "కారు బొమ్మ కొనలేదని కోపం వచ్చింది కదా" అని ఒక్క మాట చాలు. బొమ్మ మాత్రం కొనొద్దు. చెయ్యెత్తితే చెయ్యి పట్టుకుని ఆపండి. మారాం చాలావరకు ఐదు నిమిషాల్లోపే దిగిపోతుంది. నీతులు అప్పుడు కాదు, ఇంటికెళ్లి అన్నం తినేటప్పుడు.

దీన్ని నాకంటే బాగా చేసే పెద్దాయన ఒకరున్నారు. నల్గొండ నుంచి మనవరాలి కోసం వచ్చారు. ఆ పిల్ల మా వెయిటింగ్ హాల్లో చెప్పులు విసిరేసి గుక్కపట్టింది. ఆయన పంచె సర్దుకుని నేల మీద చతికిలబడి, "కోపమొచ్చిందా బిడ్డా? గింతనా?" అని చేతులు జానెడు చాపారు. పిల్ల తల అడ్డంగా ఊపింది. "గింతనా?" ఇంకొంచెం చాపారు. వెక్కుతూనే తన రెండు చేతులూ బార్లా చాపి "గింత!" అంది. "అబ్బో, శానా ఉంది" అన్నారాయన. పిల్ల ఒళ్లోకి వచ్చి కూర్చుంది. అమ్మానాన్నలకు నేను నేర్పేది కూడా ఇంతకంటే ఎక్కువేమీ కాదు.

మిగతా అపోహలు గబగబా. "మొక్కై వంగనిది మానై వంగునా" అంటూ బెత్తం తీస్తారు. దెబ్బలతో నోరు మూతపడుతుంది, భయం మిగులుతుంది. బూచోడు, పోలీసు, ఇంజెక్షన్ బెదిరింపులదీ అదే దారి. పైగా రేపు నిజంగా సూది వేయించాల్సి వస్తే మీకే తిప్పలు. "మగపిల్లాడివి, ఏడుస్తావా?" దీనికి జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. దిష్టి తీయాలనుకుంటే తీసుకోండి, నష్టం లేదు, కానీ మీ బిడ్డ నిద్రపోయిందో లేదో, ఆకలేస్తోందో కూడా చూడండి. "స్కూల్లో బుద్ధిమంతుడు, నా దగ్గరే పేచీలు" అని బాధపడే తల్లులకు ఒకటే చెప్తాను: పొద్దంతా బిగబట్టుకున్నది మీ దగ్గరే విప్పుతాడు, ఎందుకంటే మీ దగ్గర వాడికి భయం లేదు.

ఎప్పుడు చూపించాలంటారా? మారాం తరచూ అరగంట దాకా సాగుతున్నా, తల గోడకేసి కొట్టుకుంటున్నా, తన్ను తాను కొరుక్కుంటున్నా, వచ్చిన మాటలు పోతున్నా, ఐదేళ్లు దాటినా రోజూ ఇదే వరసైనా ఆగకుండా పిల్లల డాక్టర్‌కి చూపించండి. ముందు ఫోన్లో మాట్లాడదామనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. మీకే ఓపిక అయిపోయి ఏడుపొస్తున్నా ఆ నంబరుకు చేయొచ్చు.