ఏఎంహెచ్ అంకె చూసి పెళ్లి ముహూర్తాలు పెట్టకండి: కొన్ని అపోహలు, వాస్తవాలు

కొండాపూర్, గచ్చిబౌలి వైపు ప్రాక్టీస్ చేసే మాలాంటి ఫెర్టిలిటీ డాక్టర్ల దగ్గరికి ఇప్పుడు పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్లే కాదు, పెళ్లి కాని అమ్మాయిలు, పెళ్లయినా ఇంకో రెండేళ్లు ఆగుదామనుకునేవాళ్లు కూడా వస్తున్నారు. చేతిలో హెల్త్ చెకప్ ప్యాకేజీ రిపోర్టు ఉంటుంది. కొలెస్ట్రాల్, విటమిన్ డి, థైరాయిడ్‌తో పాటు అందులో ఏఎంహెచ్ (అండాల నిల్వ ఎంతో అంచనా వేసే రక్తపరీక్ష) అని ఒక లైను. దాని పక్కన 'లో' అని పడితే ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. అంకె పెద్దగా ఉంటే ఇంకో రకం నష్టం, 'నాకింకా బోలెడు టైం ఉంది' అనే ధీమా. రెండూ తప్పే. వారానికి ఒక్కసారైనా ఈ మాట చెప్పాల్సి వస్తోంది, అందుకే రాస్తున్నాను.

అపోహ: ఏఎంహెచ్ తక్కువగా ఉంటే పిల్లలు పుట్టరు, వెంటనే పెళ్లి చేసేయాలి.

ఈ మధ్య ఖమ్మం నుంచి ఒక తల్లి వచ్చింది. కూతురికి 27 ఏళ్లు, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉద్యోగం, ఆన్‌సైట్ అవకాశం చేతిదాకా వచ్చింది. అమ్మాయి నోరు విప్పకముందే ఆవిడ ఫోన్లో రిపోర్టు ఫొటో తీసి, ఆ ఒక్క లైనూ వేళ్లతో పెద్దది చేసి నా ముందు పెట్టింది. 1.1 అని ఉంది. "డాక్టరమ్మా, ఇది పెరగడానికి మందుంటే రాయండి. లేదంటే ఈ మాఘంలోనే పెళ్లి చేసేస్తాం. ఆ అమెరికా ఏమీ వద్దు." అమ్మాయి తల వంచుకుని కూర్చుంది. నెలసరి ఎలా వస్తోందని అడిగాను. సరిగ్గానే వస్తోంది. మందులేమైనా వాడుతున్నావా అంటే, మొటిమలకి స్కిన్ డాక్టర్ రాసిన హార్మోన్ మాత్రలు ఏడాదిగా వేసుకుంటున్నానంది. ఆ మాత్రలు వాడుతున్నన్నాళ్లూ ఏఎంహెచ్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ఆ సంగతి ల్యాబ్ వాళ్లు అడగరు, రిపోర్టులో రాయరు. మాత్రలు ఆపిన కొన్ని నెలలకి మళ్లీ చేయిస్తే అంకె 2 దాటింది.

దాటకపోయినా, ఆ అంకె చూసి పెళ్లికి తొందరపడొద్దన్న నా సలహా మారేది కాదు. ఏఎంహెచ్ అనేది అండాశయంలోని చిన్న ఫాలికిల్స్ (అండాలు పెరిగే చిన్న సంచులు) తయారుచేసే హార్మోన్. లోపల నిల్వ ఎంత ఉందో ఒక అంచనా ఇస్తుంది, అంతే. డబ్బాలో బియ్యం ఎన్ని ఉన్నాయో చెబుతుంది గానీ పురుగు పట్టిందో లేదో చెప్పదు. గర్భం రావడానికి నెలకి ఒక్క మంచి అండం చాలు. 2017లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో సంతానలేమి సమస్య లేని, 30 నుంచి 44 ఏళ్ల మధ్య ఉన్న దాదాపు 750 మంది మహిళలు సహజంగా గర్భం కోసం ప్రయత్నిస్తుండగా గమనించారు. ఏఎంహెచ్ తక్కువున్నవాళ్లకి, మామూలుగా ఉన్నవాళ్లకి గర్భం వచ్చే అవకాశాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. సంతానలేమి లేని ఆడవాళ్లకి ఈ పరీక్ష చేసి దాన్నిబట్టి భవిష్యత్తు చెప్పొద్దని అమెరికా గైనకాలజిస్టుల సంఘం 2019లోనే స్పష్టంగా రాసింది. అలాంటి పరీక్షని ఇక్కడ ప్యాకేజీల్లో కలిపి అమ్ముతున్నారు. పెళ్లి సంబంధం మాట్లాడుకునేటప్పుడు ఏఎంహెచ్ రిపోర్టు అడిగారని ఒక అమ్మాయి నా ముందు ఏడ్చింది. అలా అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, అది ఆడపిల్ల విలువ కొలిచే పరీక్ష కాదు.

దీని అసలు ఉపయోగం వేరే. ఐవీఎఫ్‌లో (టెస్ట్ ట్యూబ్ బేబీ చికిత్సలో) ఇంజెక్షన్ డోసు ఎంత ఇవ్వాలి, ఒకసారికి ఎన్ని అండాలు రావచ్చు అని అంచనా వేయడానికి పనికొస్తుంది. కీమోథెరపీకి ముందు, అండాశయంలో చాక్లెట్ సిస్టుకి (పాత రక్తం నిండిన గడ్డకి) ఆపరేషన్‌కి ముందు, అమ్మకో అక్కకో నలభైలోపే నెలసరి ఆగిపోయి ఉంటే, నేనే చేయించమంటాను. చిన్న వయసులో మరీ తక్కువగా వచ్చి, నెలసరి కూడా తప్పుతుంటే పట్టించుకోవాల్సిందే. ఎగ్ ఫ్రీజింగ్ (అండాలు తీసి గడ్డకట్టించి దాచుకోవడం) ఆలోచన ఉన్నవాళ్లకీ అవసరమే.

అపోహ: ఏఎంహెచ్ బాగా ఉంది, కాబట్టి నలభై దాకా ఆగొచ్చు.

ఎక్కువ నష్టం చేసేది ఇదే, ఎందుకంటే భయపడినవాళ్లు వెంటనే డాక్టర్ దగ్గరికి వస్తారు, ధీమాగా ఉన్నవాళ్లు రారు. మియాపూర్ నుంచి వచ్చిన ఒకావిడకి 39 ఏళ్లు, మంచి హోదాలో ఉంది. 34లో చేయించుకున్న రిపోర్టు జాగ్రత్తగా ఫైల్లో పెట్టుకుని తెచ్చింది. ఏఎంహెచ్ 6.8. "అప్పుడు ల్యాబ్‌లో చాలా బాగుందన్నారు మేడం, అందుకే ఆ ప్రమోషన్ అయ్యాక చూద్దామనుకున్నాం." ఆవిడకి పీసీఓడీ, అంటే హార్మోన్ల తేడాతో అండాల విడుదల క్రమం తప్పే సమస్య. పీసీఓడీలో చిన్న ఫాలికిల్స్ ఎక్కువుంటాయి కాబట్టి అంకె పెద్దగా వస్తుంది. ఐవీఎఫ్‌లో అండాలు కూడా చాలానే వచ్చాయి. ఐదు రోజులు పెరిగిన పిండాలు నాలుగు దొరికాయి. క్రోమోజోమ్ పరీక్షకి పంపితే ఒక్కటీ నార్మల్ రాలేదు. ఆ ఫలితం చెప్పిన సాయంత్రం భార్యాభర్తలిద్దరూ లేచి వెళ్లలేక చాలాసేపు కుర్చీల్లోనే ఉండిపోయారు.

ఆడపిల్ల పుట్టేటప్పటికే జీవితానికి సరిపడా అండాలు, సుమారు 10 నుంచి 20 లక్షలు, లోపల ఉంటాయి. కొత్తవి తయారు కావు. రజస్వల అయ్యేసరికి మూడు, నాలుగు లక్షలు మిగులుతాయి. 38 ఏళ్ల మనిషిలోని అండం వయసు కూడా 38 ఏళ్లే. అన్నేళ్లు ఆగిన అండం పరిపక్వమయ్యేటప్పుడు క్రోమోజోములు సరిగ్గా విడిపోకపోవడం వయసుతో పెరుగుతుంది. గర్భం రావడం ఆలస్యమయ్యేదీ, వచ్చినా నిలవకపోయేదీ ఎక్కువగా దీనివల్లే. ముప్పైలోపు పది, పదిహేను శాతం ఉండే గర్భస్రావాలు నలభై దాటాక మూడో వంతుని మించుతాయి. డౌన్ సిండ్రోమ్ 25 ఏళ్ల తల్లికి పన్నెండు వందల్లో ఒకరికి, 40 ఏళ్ల తల్లికి వందలో ఒకరికి. అంటే మీ ప్లాన్ తేల్చాల్సింది రిపోర్టు కాదు, వయసు. 27లో ఆన్‌సైట్‌కి వెళ్లండి, 30లో టీమ్ లీడ్ అవ్వండి, అభ్యంతరం లేదు. 32, 33 వచ్చేసరికి మాత్రం 'చూద్దాంలే' అనకుండా ఇద్దరూ కూర్చుని ఏ సంవత్సరంలో పిల్లల్ని కనాలో అనుకోండి. ఇద్దరు పిల్లలు కావాలనుకుంటే ఇంకాస్త ముందే అనుకోండి.

పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రిలో పీజీ చేసే రోజుల్లో 22 ఏళ్లకే మూడో కాన్పుకి వచ్చిన అమ్మాయిలని చూశాను. వాళ్లని చదువుకోనిచ్చి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. నాకు పాప పుట్టింది 33లో, చదువు పూర్తయ్యాకే. కాబట్టి కెరీర్ వదులుకోమని నేను ఎవరికీ చెప్పను. తప్పుడు లెక్కమీద నిర్ణయం తీసుకోవద్దంటున్నాను.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఐవీఎఫ్ ఉంది కదా, ఎప్పుడైనా కుదురుతుంది: కుదరదు. ఐవీఎఫ్ అండం వయసుని వెనక్కి తిప్పలేదు. 45 దాటాక ఫలానా నటికి పిల్లలు పుట్టారని చదివి ధైర్యం తెచ్చుకోకండి. ఆ వయసులో చాలాసార్లు వాడేది దాత అండం, ఆ సంగతి పేపర్లో రాదు. మన దేశంలో 2021 చట్టం ప్రకారం ఈ చికిత్సలకి ఆడవాళ్లకి 50, మగవాళ్లకి 55 ఏళ్ల పరిమితి కూడా ఉంది.

ఎగ్ ఫ్రీజింగ్ చేయించుకుంటే గ్యారంటీ: అవకాశం మాత్రమే. పది, పన్నెండు రోజుల ఇంజెక్షన్లు, మత్తులో అండాలు తీయడం, లక్షల్లో ఖర్చు. 35లోపు చేయించుకుంటే ఫలితం మెరుగు. పెళ్లి కాలేదని చట్టం అడ్డుపడదు. 24 ఏళ్ల పిల్లని భయపెట్టి చేయించడం మాత్రం నాకు నచ్చదు.

లోపం ఆడవాళ్లలోనే: సంతానలేమి కేసుల్లో దాదాపు సగంలో మగవారి కారణం కూడా ఉంటుంది. ఆయనకి ఆఫీసులో రిలీజ్ ఉంది, రాలేరు అంటూ అత్తగారు, కోడలు ఇద్దరే వస్తారు. ఆయన శాంపిల్ ఇస్తే చాలు, ఒక్క పూట పని. ముందు అది చేయించండి.

గర్భనిరోధక మాత్రలు వాడితే గర్భసంచి పాడవుతుంది, ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే వేడి చేసి పిల్లలు పుట్టరు: రెండూ పుకార్లే. 'నువ్వు టెన్షన్ పడుతున్నావు కాబట్టే రావట్లేదు' అని ఆ అమ్మాయికే చెప్పి టెన్షన్ పెంచకండి.

ప్రెగ్నెంట్ అయితే రాజీనామా చేయాల్సిందే: ఎందుకు? కాన్పు తేదీకి ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే, మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాల జీతంతో కూడిన సెలవు చట్టం ఇచ్చిన హక్కు. ఆ సెలవులో ఉండగా ఉద్యోగం తీసేయడం నేరం.

35 లోపు అయితే ఏడాది, 35 దాటితే ఆరు నెలలు ప్రయత్నించి రండి. నలభై దగ్గర పడితే ఆగకుండా రండి. నెలసరి క్రమం తప్పుతున్నా, పొత్తికడుపులో విపరీతమైన నొప్పి ఉన్నా వయసుతో పని లేదు, ముందే చూపించుకోండి. ప్రయత్నం మొదలుపెట్టడానికి కనీసం నెల ముందు నుంచి రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోండి, థైరాయిడ్, షుగర్ చూపించుకోండి. రుబెల్లా టీకా లేకపోతే వేయించుకుని నెల ఆగండి. వచ్చేటప్పుడు వాడుతున్న మందుల చీటీలన్నీ తెచ్చుకోండి, మొటిమలవి కూడా.