బెండకాయ జిగురు చేసే పని

బెండకాయ వేపుడు అంటే మా ఇంట్లో ఒక చిన్నపాటి యుద్ధం. కాయలు కడగాలి, ఒక్కొక్కటీ పొడిబట్టతో తుడవాలి, తడి పూర్తిగా ఆరేదాకా కత్తిపీట జోలికి పోకూడదు. మూకుడులో వేశాక మూత పెట్టకూడదు, ఉప్పు ముందే చల్లకూడదు, గరిటె అదేపనిగా తిప్పకూడదు. ఇన్ని నియమాలూ ఒకే ఒక్క శత్రువు కోసం: జిగురు. పులుసు పెడితే ఆ సంగతి చింతపండు చూసుకుంటుంది. మనం ఇంత శ్రమపడి వదిలించుకునే ఆ జిగురు కోసమే కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు కొలెస్టరాల్ తగ్గించే భోజనంలో బెండకాయను పనిగట్టుకుని చేర్చారని చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆ భోజనంలో వంకాయ కూడా ఉంది.

జిగురుకూ కొలెస్టరాల్‌కూ ఏమిటి సంబంధం? సగం జవాబు ఆ పేరులోనే దొరుకుతుంది. గ్రీకు భాషలో ‘ఖోలే’ అంటే పిత్తం, ‘స్టెరియోస్’ అంటే గట్టిది. 18వ శతాబ్దంలో ఈ మైనం లాంటి పదార్థం మొదట కంటబడింది రక్తంలో కాదు, పిత్తాశయంలో ఏర్పడే రాళ్లలో. 1815 ప్రాంతంలో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ దానికి ఆ పేరు పెట్టారు. పిత్తంతో దానికున్న చుట్టరికాన్ని ఆ తర్వాత లోకం దాదాపు మరిచిపోయింది. గుండె, రక్తనాళాలు, పూడికలు మాత్రమే గుర్తుండిపోయాయి.

అందుకే ‘కొలెస్టరాల్‌ను కరిగించే’ పానీయాలకు ఇంత గిరాకీ. పరగడుపున నిమ్మరసం తాగితే కరుగుతుందనీ, పొద్దున్నే నడిస్తే కాలిపోతుందనీ నమ్మేవారు ప్రతి వీధిలోనూ ఉంటారు. కొవ్వును శరీరం కాల్చగలదు, అది ఇంధనం. కొలెస్టరాల్ ఇంధనం కాదు. నాలుగు వలయాలు ఒకదానికొకటి అతుక్కున్న దాని అణువును విరగ్గొట్టే ఎంజైములు మనిషి ఒంట్లో లేవు. పోనీ తినడం మానేద్దామా అంటే, రోజుకు సుమారు ఒక గ్రాము శరీరమే తయారుచేసుకుంటుంది. కణాల పొరలకు, కొన్ని హార్మోన్లకు, విటమిన్ డి తయారీకి అది కావాలి. మిగిలినదాన్ని బయటికి పంపే పెద్ద దారి ఒక్కటే. కాలేయం దాన్ని పిత్తంలో కలిపి పేగుల్లోకి వదలాలి, అక్కడినుంచి అది మలంతో పోవాలి.

ఆ దారిలోనూ ఒక తిరకాసు ఉంది. కాలేయం కొలెస్టరాల్‌ను ముడిసరుకుగా వాడి పిత్త ఆమ్లాలను తయారుచేస్తుంది. సబ్బు జిడ్డును విడదీసినట్టు ఇవి మనం తిన్న నూనెను, నెయ్యిని చిన్న బిందువులుగా విడదీస్తాయి. పని ముగిశాక వీటిని పారేసే అలవాటు శరీరానికి లేదు. వందలో 95 పాళ్లను చిన్నపేగు చివరి భాగం పీల్చుకుని, మళ్లీ కాలేయానికి అప్పజెబుతుంది. ఒంట్లో ఉండే పిత్త ఆమ్లాలన్నీ కలిపితే రెండు నుంచి నాలుగు గ్రాములు. ఆ కాస్త సరుకే రోజుకు ఆరు నుంచి పది సార్లు ఇలా చుట్టు తిరుగుతుంది. గోలీసోడా బండి లెక్క ఇది. తాగిన సీసా అక్కడే ఇచ్చేయాలి, కొట్టువాడు కడిగి మళ్లీ నింపుతాడు. రోజు మొత్తం మీద మలంతో పోయేది అరగ్రాము. కాలేయం కొత్తగా చేయాల్సిందీ అంతే.

సీసాలు తిరిగి రాకుండా ఎవరో అడ్డుపడ్డారనుకోండి. కొట్టువాడు కొత్త సీసాలు కొనక తప్పదు. పేగుల్లో జిగురు చేసే అడ్డంకి ఇదే. నీటిలో నాని చిక్కబడే పీచు పదార్థాలు పేగులోని ద్రవాన్ని జావలా మారుస్తాయి. పిత్త ఆమ్లాలు ఆ జావలో చిక్కుకుని, పేగు గోడను చేరలేక ముందుకు సాగిపోతాయి. కొత్తవి చేయడానికి కాలేయానికి కొలెస్టరాల్ కావాలి. దాన్ని అది రక్తంలోనుంచే లాక్కుంటుంది.

ఎలా లాక్కుంటుందో తేల్చింది అమెరికాలోని డల్లాస్‌లో పనిచేసిన మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్. మనం చెడ్డ కొలెస్టరాల్ అని పిలుచుకునే ఎల్‌డీఎల్ కణాలను పట్టుకునే గ్రాహకాలు కాలేయ కణాల మీద ఉంటాయి. లోపల సరుకు తరిగిపోతే కణం మరిన్ని గ్రాహకాలను పైకి తెస్తుంది, నిండుగా ఉంటే తగ్గించేస్తుంది. 1985లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. ఆహారంతో కొలెస్టరాల్ తగ్గించడం గురించి ఎవరు ఏం చెప్పినా, ‘దీనివల్ల కాలేయం మీద గ్రాహకాలు పెరుగుతాయా, తరుగుతాయా?’ అని ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలావరకు నిజానిజాలు తేలిపోతాయి.

జిగురు మహిమను ముందుగా పట్టుకున్నవారిలో పోషకాహార పరిశోధకుడు డేవిడ్ జెన్కిన్స్ ఒకరు. మధుమేహం ఉన్నవారు ఇప్పుడు తరచూ వినే గ్లైసీమిక్ ఇండెక్స్ (ఏ తిండి రక్తంలో చక్కెరను ఎంత పెంచుతుందో చెప్పే కొలత) కూడా 1981లో ఆయన బృందం తెచ్చిందే. 1975లో, బ్రిటన్‌లో ఉన్న రోజుల్లో, ఆయన మూడు రకాల పీచును మనుషుల మీద పోల్చిచూశారు. ఒకటి పండ్లలో ఉండే పెక్టిన్, రెండోది గోరుచిక్కుడు గింజలనుంచి తీసే గ్వార్ గమ్, మూడోది గోధుమ పొట్టు. మొదటి రెండూ కొలెస్టరాల్‌ను తగ్గించాయి, గోధుమ పొట్టు తగ్గించలేదు. అది మలబద్ధకానికి మంచిదే గానీ నీటిలో చిక్కబడదు. ‘పీచు ఎక్కువ తినండి’ అని గంపగుత్తగా చెప్పే సలహాలో ఈ తేడా కొట్టుకుపోతోంది. (గోరుచిక్కుడు కూర తింటున్నాం కదా అని సంబరపడేవారికి ఒక మాట: ఆ జిగురు ప్రధానంగా ముదిరిన గింజలో ఉంటుంది, మనం వండుకునే లేత కాయలో తక్కువ.)

పిత్త ఆమ్లాలను పట్టేస్తే గుండెకు నిజంగా మేలు జరుగుతుందా? ఆ అనుమానాన్ని 1984లో ఒక మందు తీర్చింది. కొలెస్టిరమీన్ అనే పొడి పేగుల్లో పిత్త ఆమ్లాలకు అంటుకుంటుంది, రక్తంలోకి అసలు వెళ్లదు. అమెరికా, కెనడాల్లో 3,806 మంది మగవారి మీద ఏళ్ల తరబడి జరిగిన పరీక్షలో దానివల్ల గుండెపోట్లు, గుండెజబ్బు మరణాలు కలిపి 19 శాతం తగ్గాయి.

జెన్కిన్స్ టొరంటో చేరాక పెద్ద ప్రశ్నే వేసుకున్నారు: తిండితోనే కొలెస్టరాల్‌ను ఎంతదాకా దించవచ్చు? 2001లో వెలువడిన ఒక అధ్యయనంలో పదిమంది ఆరోగ్యవంతులు రెండు వారాలపాటు కూరగాయలు, పండ్లు, గింజపప్పులే కొండలా తిన్నారు. ఎల్‌డీఎల్ మూడోవంతు పడిపోయింది. అలా ఎవరూ బతకలేరు కాబట్టి, మామూలు మనుషులు తినగలిగే భోజనం ఒకటి కూర్చారు. సోయా ప్రొటీన్, బాదం, మొక్కల స్టెరాల్స్ (మొక్కల్లో ఉండే, కొలెస్టరాల్‌ను పోలిన పదార్థాలు) కలిపిన మార్జరిన్ అనే నూనె వెన్న, జిగురు కోసం ఓట్లు, బార్లీ, ఇసబ్గోల్, వాటికి తోడు బెండకాయ, వంకాయ. 2003లో వచ్చిన ఫలితం ఇది: 46 మందిని మూడు జట్లు చేస్తే, నెల రోజుల్లో ఈ భోజనం తిన్నవారికి ఎల్‌డీఎల్ 28.6 శాతం తగ్గింది. కొవ్వు తగ్గించిన మామూలు ఆహారంతో పాటు కొలెస్టరాల్ తగ్గించే లోవాస్టాటిన్ మాత్ర 20 మిల్లీగ్రాములు వేసుకున్నవారికి 30.9 శాతం. మాత్ర లేకుండా ఆ ఆహారం మాత్రమే తిన్నవారికి 8 శాతం. మాత్రతో దాదాపు సమానంగా నిలిచిన భోజనం!

ఉప్పొంగిపోయే ముందు 2011 నాటి రెండో అధ్యాయం కూడా చూడాలి. ఈసారి భోజనం ఎవరూ పంపలేదు, సలహా మాత్రమే ఇచ్చారు. 351 మంది, ఆరు నెలలు. తగ్గింది 13, 14 శాతం. ఇంట్లో వండుకుని తినే మనిషికి ఈ రెండో అంకెనే నేను నమ్మమంటాను.

మోతాదు సంగతి మన మెంతులే బాగా చెబుతాయి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు మెంతుల మీద చేసిన పరిశోధన ప్రపంచమంతా తెలిసినదే. 1990లో ప్రచురించిన ఒక అధ్యయనంలో మధుమేహం ఉన్నవారికి నూనె తీసిన మెంతిపిండి పది రోజులు ఇస్తే చక్కెరతో పాటు కొలెస్టరాల్ కూడా తగ్గింది. ఇచ్చినది ఎంతో తెలుసా? రోజుకు 100 గ్రాములు, మధ్యాహ్నం సగం, రాత్రి సగం. రాత్రి గ్లాసులో నానబెట్టి పొద్దున మింగే చెంచాడు మెంతులు నాలుగైదు గ్రాములు ఉంటాయి. మెంతుల జిగురు గ్వార్ గమ్ కుటుంబానిదే, పనిచేసే తీరూ అదే. చెంచాడుకు చెంచాడంత పనే చేస్తుంది, అంతే.

కొలతకు లొంగేవి కొన్ని ఉన్నాయి. ఓట్లలోని జిగురు పీచు బీటా గ్లూకాన్ రోజుకు 3 గ్రాములు అందితే ఎల్‌డీఎల్ 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. అంటే 75 గ్రాముల ఓట్లు, పెద్ద గిన్నెడు. ఇసబ్గోల్ రోజుకు 10 గ్రాములు తీసుకుంటే ఎల్‌డీఎల్ సగటున డెసిలీటరు రక్తానికి 13 మిల్లీగ్రాములు తగ్గుతుంది. నీళ్లు బాగా తాగాలి, మాత్రలు వేసుకునే వేళకూ దీనికీ రెండు గంటల ఎడం ఉంచాలి, ఎందుకంటే జిగురు మాత్రలను కూడా పట్టి ఉంచగలదు. వండిన శనగలు, బఠాణీలు, పప్పుల వంటివి రోజుకు 130 గ్రాములు తింటే 5 శాతం. పలచటి పప్పుచారు ఈ లెక్కలోకి రాదు, ముద్దపప్పు వస్తుంది, సాయంత్రం గుగ్గిళ్లు ఇంకా బాగా వస్తాయి. బాదం ధర చూసి బెంగపడేవారికి వేరుశనగ ఉంది. ఉప్పు, బెల్లం లేకుండా వేయించుకుంటే గుప్పెడు చాలు.

జిగురు గ్రాహకాలను పెంచితే, వాటిని తగ్గించేది సంతృప్త కొవ్వు. నెయ్యి, వెన్న, మీగడ, కొవ్వు పట్టిన మాంసం, కొబ్బరినూనె, పామాయిల్. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వే. దేశంలో ఆయిల్‌పామ్ తోటల్లో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం, తెలంగాణ తర్వాతిది. అయినా చాలక దిగుమతి చేసుకుంటున్నాం. ఇంటికి ప్యాకెట్టు తెచ్చుకోనివారు కూడా బిస్కెట్లు, మిక్చరు, బజ్జీల రూపంలో తింటూనే ఉంటారు. ప్యాకెట్టు మీద ‘కొలెస్టరాల్ లేదు’ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. నిజమే, మొక్కల నూనె దేనిలోనూ ఉండదు. కొబ్బరినీళ్ల మీద ‘మాంసం కలపలేదు’ అని రాసుకున్నట్టుంటుంది. డాల్డా అని మనం పిలిచే వనస్పతిలోని ట్రాన్స్ కొవ్వు ఇంకా చెడ్డది. ఎల్‌డీఎల్‌ను పెంచి, మంచి కొలెస్టరాల్ అని పిలుచుకునే హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తుంది. 2022 జనవరినుంచి మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో అది 2 శాతం మించకూడదు.

కోడిగుడ్డు మాత్రం చేయని నేరానికి చాలాకాలం శిక్ష అనుభవించింది. పచ్చసొనలో 186 మిల్లీగ్రాముల కొలెస్టరాల్ ఉన్న మాట నిజమే గానీ, సంతృప్త కొవ్వు ఒకటిన్నర గ్రాములే. బయటినుంచి వస్తే చాలామందిలో కాలేయం తన తయారీ తగ్గించుకుంటుంది. రోజుకు 300 మిల్లీగ్రాముల పరిమితిని 2015-20 నాటి అమెరికా ఆహార మార్గదర్శకాలు తీసేశాయి. మధుమేహం ఉన్నవారు మాత్రం వైద్యుణ్ని అడిగి తినడం మేలు.

మరి నడక? ఎల్‌డీఎల్ మీద నడక ప్రభావం స్వల్పం. అది గట్టిగా పనిచేసేది రక్తంలో తిరిగే కొవ్వు మీద, అంటే ట్రైగ్లిసరైడ్ల మీద. మనవాళ్లకు అది చిన్న విషయం కాదు. తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో జరిగి 2014లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనంలో ఎల్‌డీఎల్ ఎక్కువ ఉన్నవారు 11.8 శాతమే. ట్రైగ్లిసరైడ్లు ఎక్కువ ఉన్నవారు 29.5 శాతం, హెచ్‌డీఎల్ తక్కువ ఉన్నవారు ఏకంగా 72.3 శాతం. తెలుగు రాష్ట్రాలు అందులో లేకపోయినా, కంచం నిండా తెల్లన్నం, అంచున కూర ఉండే భోజనం మనదీ అదే. నెయ్యి మానేసి ఆ ఖాళీని ఇంకో రెండు ముద్దల అన్నంతో పూడిస్తే ఎల్‌డీఎల్ తగ్గి ట్రైగ్లిసరైడ్లు పెరుగుతాయి. అన్నం తగ్గించడం, నడుము కొలత తగ్గించడం, మద్యం మానడం ఇక్కడ పనిచేస్తాయి. హెచ్‌డీఎల్‌ను ‘మంచిది’ అని మరీ నెత్తిన పెట్టుకోనక్కరలేదు. దాన్ని బాగా పెంచిన టోర్సెట్రాపిబ్ అనే మందు వాడినవారిలో మరణాలు పెరగడంతో 2006లో ఆ పరీక్షనే ఆపేశారు.

ఇన్నీ చేసినా లొంగని కొలెస్టరాల్ ఉంటుంది. ఎల్‌డీఎల్ డెసిలీటరుకు 150 మిల్లీగ్రాములు ఉన్న మనిషికి 13 శాతం తగ్గితే 130 అవుతుంది, అతనికి అది చాలవచ్చు. ఒకసారి గుండెపోటు వచ్చి, 70 కన్నా కిందికి దించాల్సిన మనిషికి అది ఏ మూలకూ రాదు. అతను బెండకాయను నమ్ముకుని మాత్ర ఆపేస్తే ప్రమాదం. 250 మందిలో ఒకరికి పుట్టుకతోనే ఎల్‌డీఎల్ గ్రాహకాల జన్యువు వంటివాటిలో లోపం ఉంటుంది. ఒక తలుపు పుట్టినప్పటినుంచే మూసి ఉన్నట్టు. సన్నగా, శాకాహారిగా, పొద్దున్నే నడిచే మనిషిగా ఉండి కూడా ఎల్‌డీఎల్ 190 దాటిందంటే, ఇంట్లో ఎవరికో నలభైల్లోనే గుండెపోటు వచ్చిందంటే అనుమానించాల్సింది ఇదే. అప్పుడు ఆయనతో పాటు తోబుట్టువులకు, పిల్లలకు కూడా రక్తపరీక్ష చేయించాలి. పిల్లలు ఒక్కొక్కరికీ ఆ లోపం వచ్చే అవకాశం సగానికి సగం.