పాత మస్టాంగ్‌కి పవర్ బ్రేకులు అవసరమా?

1965 నాటి ఫోర్డ్ మస్టాంగ్ కొన్నవాళ్లు ముందుగా విసుక్కునేది బ్రేకుల మీదే. ఇప్పటి కార్లలో పెడల్ మీద కాలు ఆనిస్తే చాలు, మస్టాంగ్‌లో గట్టిగా తొక్కాలి. వెంటనే పవర్ బ్రేకులు పెట్టిద్దామంటారు. అంతకుముందు ఒకటి తేల్చుకోవాలి: కారు ఆగట్లేదా, కాలు లాగుతోందా?

పవర్ బ్రేకులంటే అసలు బూస్టరే: పెడల్‌కీ, బ్రేకు నూనెను చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండర్‌కీ మధ్య బిగించే గుండ్రటి డబ్బా. లోపల రబ్బరు పొర, అంటే డయాఫ్రం ఉంటుంది. దానికి ఒకవైపు గాలిని ఇంజిన్ పీల్చేస్తుంది (ఈ పీల్పునే వాక్యూమ్ అంటారు), పెడల్ తొక్కగానే రెండోవైపు బయటి గాలి చొరబడుతుంది. వాతావరణ పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో. అందులో 0.6 వంతు తేడా వచ్చినా, 20 సెంటీమీటర్ల వ్యాసమున్న డయాఫ్రం మీద దాదాపు 190 కిలోల బలం పడుతుంది. జేబులోంచి పైసా తీయకుండా వాతావరణమే మన తరఫున తొక్కిపెడుతుందన్నమాట!

అయితే కారు ఎంత దూరంలో ఆగాలో చివరికి తేల్చేది టైరుకీ రోడ్డుకీ మధ్య ఉన్న పట్టు. ఘర్షణ గుణకం 0.7 అనుకుంటే, గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పట్టాక కూడా 36 మీటర్లు కావాలి. మీ కాలి బలంతోనే చక్రాలు లాక్ అవుతుంటే బూస్టర్ ఇందులో ఒక్క మీటరూ తగ్గించదు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు డ్రమ్ములు (చక్రంతో తిరిగే గిన్నెలు, లోపలినుంచి షూలు ఒరిసి వాటిని ఆపుతాయి) వేడెక్కి పట్టు వదిలే జబ్బుకూ అది మందు కాదు.

మస్టాంగ్ డ్రమ్ములో ఒక చమత్కారం ఉంది. తిరిగే డ్రమ్ము బ్రేక్ షూని తనతో ఈడ్చుకెళ్లి ఇంకా గట్టిగా బిగిస్తుంది, ఆ షూ రెండోదాన్ని నెడుతుంది. బూస్టర్ లేకుండా ఇన్నేళ్లు నెట్టుకొచ్చింది అందుకే. చక్రంతో తిరిగే పళ్లేన్ని రెండు వైపులా నొక్కిపట్టే డిస్క్ బ్రేకుకి ఈ సాయం లేదు కాబట్టి డిస్కులు పెట్టినవాళ్లు బూస్టర్ కూడా కొంటారు. అలాగని అది తప్పనిసరేం కాదు. 1965లో ఫోర్డ్ కంపెనీయే నాలుగు పిస్టన్ల కాలిపర్లతో (డిస్కుని నొక్కే పట్టకారులతో) ముందు డిస్కులను బూస్టర్ లేకుండా అమ్మింది. మాస్టర్ సిలిండర్ వ్యాసాన్ని 1 అంగుళం నుంచి 7/8కి తగ్గించినా అదే కాలి బలానికి 30 శాతం ఎక్కువ పీడనం వస్తుంది. పెడల్ మాత్రం ఆ మేరకు లోతుగా దిగుతుంది.

రేసింగ్ క్యామ్‌షాఫ్ట్ (ఇంజిన్ వాల్వులను తెరిచే కడ్డీ) వేసిన ఇంజిన్ అయితే ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా నడిచేటప్పుడు, వాక్యూమ్ తక్కువ, బూస్టర్‌కి సరిపోదు. ఇంకో చిక్కు: పవర్ బ్రేకుల పెడల్‌కి లివర్ బలం తక్కువ పెడతారు, ఆరు రెట్లకు బదులు నాలుగు రెట్ల దగ్గర. ఇంజిన్ ఆగిపోతే దాచుకున్న వాక్యూమ్ ఒకటి రెండు తొక్కుళ్లకు వస్తుంది. ఆ తర్వాత పెడల్ మామూలు బ్రేకుల కంటే బరువవుతుంది.

నన్నడిగితే డబ్బు ముందు బ్రేకు నూనెను రెండు వేరువేరు దారుల్లో పంపే డ్యూయల్ మాస్టర్ సిలిండర్‌కి పెట్టాలి. తొలి మస్టాంగ్‌లలో ఆ దారి (సర్క్యూట్) ఒక్కటే. ఎక్కడ లీకైనా నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. 1967 మోడల్‌కి ఫోర్డ్ దీన్ని సరిచేసింది. కొత్త హోసులు, కొత్త షూలు కూడా పడ్డాక ఇంకా మోకాలు నొప్పంటే అప్పుడు బూస్టర్ వేయించుకోండి, తప్పేం లేదు. వేయించాక ఇంజిన్ ఆపి, పెడల్‌ని నాలుగైదుసార్లు తొక్కి, అలాగే నొక్కిపట్టి స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి జారితే బూస్టర్ పనిచేస్తున్నట్టే.