బ్యాండ్ పాత వీడియోలను డిస్క్‌గా తేవడం: అపోహలు - వాస్తవాలు

ఇండీ పాప్ బ్యాండ్‌ల, అంటే పెద్ద కంపెనీల అండ లేకుండా చిన్న లేబుళ్లతో (రికార్డు కంపెనీలతో) పాటలు తెచ్చే బ్యాండ్‌ల పాత వీడియోలు వెతికి, అభిమానుల కోసం ఒక సంకలనంగా తయారు చేయడం నా పని. పాటల వీడియోలు, చిన్న వేదికల మీది కచేరీలు, టీవీ ఇంటర్వ్యూలు, వ్యాన్‌లో ఎవరో సరదాగా తీసిన క్లిప్పులు, అన్నీ ఉంటాయి. "ఎడిటింగేగా, నెల చాలదా?" అని అడుగుతుంటారు. ఎడిటింగ్‌కి నెల కూడా అక్కర్లేదు. అసలు టేపు ఎవరి దగ్గరుందో కనుక్కుని, వాడుకోవడానికి సంతకాలు పెట్టించేసరికే ఏడాది గడిచిపోతుంది.

అపోహ: అన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి, దించుకుని డిస్క్‌లో పెడితే సరి.

వాస్తవం: అక్కడ ఉన్నది చాలాసార్లు కాపీకి కాపీ. వీహెచ్‌ఎస్ టేపును మరో టేపుకి ఎక్కించిన ప్రతిసారీ రంగులు పక్కకు కారతాయి, అంచులు మసకబారతాయి. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ఇంకో నష్టం. యూరప్‌లో ఎక్కువగా వాడిన పాల్ (PAL) అనే టీవీ పద్ధతిలో వీడియో కెమెరా సెకనుకు 50 సగం బొమ్మలు తీస్తుంది. ఒకసారి బేసి గీతలు, ఒకసారి సరి గీతలు. వీటిని ఫీల్డులంటాం. పాత అప్‌లోడ్‌లలో చాలామంది రెండింట్లో ఒక ఫీల్డును పారేశారు. దాంతో కదలికలో సగం పోయింది, గిటార్ మీటే చెయ్యి ఎగిరెగిరి పడుతుంది. అదే టేపును సరిగ్గా ఎక్కించి, సెకనుకు 50 ఫ్రేములుగా, అంటే నిండు బొమ్మలుగా విడగొట్టి చూపిస్తే అభిమాని "ఇది నేనెప్పుడూ చూడలేదే" అంటాడు. చూశాడు, కాకపోతే సగమే.

అందుకే నా మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: కెమెరాలో తిరిగిన టేపు ఎక్కడుంది? జవాబు ఎక్కువసార్లు డ్రమ్మర్ పాత స్నేహితుల అటక మీద దొరుకుతుంది.

అపోహ: ఏఐ ఉందిగా, 4కె చేసేయొచ్చు.

వాస్తవం: నేనూ ఒకసారి ఆ మోజులో పడ్డాను. వీహెచ్‌ఎస్‌లో అడ్డంగా పట్టే వివరం సుమారు 240 గీతలు. టేపులో లేనిదాన్ని సాఫ్ట్‌వేర్ ఊహించి గీయాల్సిందే. ముందు వరుసలో నిలబడ్డవాళ్ల మొహాలు మైనపు బొమ్మలయ్యాయి. బాస్ గిటారిస్ట్ టీషర్ట్ మీది అక్షరాలు ఏ భాషకీ చెందని లిపిగా మారాయి. ఆ టీషర్ట్ మీద ఏముందో ఏళ్ల తరబడి వాదించుకుంటున్న జనానికి అది చూపిస్తే ఊరుకుంటారా? మొత్తం తీసేసి మళ్లీ మొదలుపెట్టాను.

16 ఎంఎం ఫిల్మ్ మీద తీసిన పాటల సంగతి వేరు. ఫిల్మ్ మీద తీసినా ఎడిటింగ్ మాత్రం టేపు మీదే చేసేవాళ్లు కాబట్టి, మనకు ఇన్నాళ్లూ కనిపించింది టేపు నాణ్యతే. నెగెటివ్ దొరికితే మళ్లీ స్కాన్ చేసి, పాత ఎడిట్ పక్కన పెట్టుకుని షాటు షాటుగా కట్ చేస్తే నిజమైన హెచ్‌డీ వస్తుంది. ఖర్చు మాత్రం అడక్కండి.

అపోహ: పాట బ్యాండ్‌దే కదా, ఇంకెవరి అనుమతి కావాలి?

వాస్తవం: పాట రాసిన హక్కు ఒకరిది, రికార్డింగ్ ఇంకొకరిది, వీడియో మరొకరిది కావచ్చు. టీవీ క్లిప్ చానల్‌ది. కచేరీలో వేరేవాళ్ల పాట ఒక్కటి పాడినా ఆ పాట హక్కులు చూసే పబ్లిషర్ దగ్గరికి వెళ్లాలి. బెల్ అండ్ సెబాస్టియన్ వీడియోలతో 2003లో వచ్చిన 'ఫ్యాన్స్ ఓన్లీ' డీవీడీనే చూడండి. ఆ గ్లాస్గో బ్యాండ్ అప్పటికే రఫ్ ట్రేడ్ అనే వేరే లేబుల్‌కి మారిపోయింది. డీవీడీ తెచ్చింది మాత్రం పాత లేబుల్ జీప్‌స్టర్.

అపోహ: కచేరీలో మైకులన్నీ కలిసే సౌండ్ మిక్సర్ నుంచి నేరుగా తీసిన సౌండ్ ఉంటే ఇంకేం కావాలి.

వాస్తవం: చిన్న హాల్లో డ్రమ్స్, గిటార్ ఆంప్‌లు (గిటార్ ధ్వనిని పెంచే పెట్టెలు) వాటంతటవే దద్దరిల్లుతాయి. అందుకని సౌండ్ ఇంజినీరు మిక్సర్‌లో వాటిని తగ్గించి ఉంచుతాడు. ఆ రికార్డింగ్ వింటే గొంతు మీద పడుతుంది, వెనక బ్యాండ్ ఎక్కడో పక్క గదిలో వాయిస్తున్నట్టుంటుంది. కెమెరా మైక్ సౌండ్ కొంత కలిపితేనే హాల్లో ఉన్నట్టు అనిపిస్తుంది. ఇక్కడ టెన్షన్ ఏమిటంటే, రెండు యంత్రాల గడియారాలు ఒకే వేగంతో నడవవు. మొదటి పాటకి కుదిరినవి ఆఖరి పాటకి విడిపోతాయి. ఒక్కో పాటనీ విడిగా సర్దుకోవాలి.

అపోహ: అభిమానులకు అంతా కావాలి, అంతా పెట్టేయండి.

వాస్తవం: 4.7 జీబీ డీవీడీలో గరిష్ఠ నాణ్యతతో గంటకు కాస్త పైన పడుతుంది. రెండు పొరల 8.5 జీబీ డిస్క్‌లోనూ రెండు గంటలకు కాస్త తక్కువే. పైగా చీకటి హాల్లో తీసిన గరుకు బొమ్మకే ఎక్కువ చోటు కావాలి, ఆ గరుకుదనం ఓ పట్టాన కుదింపుకి లొంగదు. నాలుగు గంటలు కుక్కితే తెరంతా గళ్లు గళ్లే. బ్లూరేలో చోటుంది, అయినా ఒకే పాట ఐదు కచేరీల్లో ఉంటే నేను ఒకటే ఉంచుతాను. మొన్నటి డిస్క్‌లో గాయని మధ్యలో మాటలు మరిచిపోయి నవ్వేసినది ఉంచాను. నిర్మాతకి ఇప్పటికీ నచ్చలేదు.