కొండను పట్టుకున్న ముళ్లపొద

వేరుశనగ పీకినవాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. నేల తడిగా ఉంటే మొక్క కాయలతో సహా చేతికొస్తుంది. ఎండి గట్టిపడితే పైభాగమే వస్తుంది, కాయలు మట్టిలో ఉండిపోతాయి. పొదల వేళ్లు కొండవాలును ఎలా పట్టి ఉంచుతాయో తెలుసుకోవాలన్నా ఇక్కడే మొదలుపెట్టాలి.

లద్దాఖ్‌లోని లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. ఏడాది మొత్తానికి పడే వాన 100 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. కొండవాలుల మీద చాలాచోట్ల ఉన్నది హిమానీనదాలు వదిలేసిన రాళ్లు, గులక, ఇసుక. బంకమట్టి తక్కువ కాబట్టి రేణువులు ఒకదానికొకటి అతుక్కోవు, రాపిడి మీదే నిలుస్తాయి. పొడి ఇసుకను కుప్ప పోసి చూడండి, 30-35 డిగ్రీల వాలు దాటితే జారిపోతుంది. దీనికి తోడు చలి. మట్టి సందుల్లోని నీరు గడ్డకట్టి ఉబ్బుతుంది, రేణువులను ఎడం చేస్తుంది, మళ్లీ కరుగుతుంది. ఏటా ఇదే తంతు.

ఇలాంటి ఎండు వాలుల మీద పెద్ద చెట్లు బతకలేవు. గడ్డి వేళ్లు ఎక్కువగా పైపొరలోనే ఆగిపోతాయి. ఇక మిగిలినవి పొదలు. పైన మోకాలెత్తు కూడా ఉండవు, చూస్తే జాలేస్తుంది. కానీ తిన్నదంతా కిందే దాచుకుంటాయి. వాటి వేళ్లు మీటరు, కొన్నిచోట్ల అంతకంటే లోతుకు దిగుతాయి.

మట్టి గోడ కట్టేటప్పుడు మనవాళ్లు బురదలో గడ్డి వేసి తొక్కేవారు. మట్టి బరువును మోయగలదు కానీ లాగితే విడిపోతుంది, ఆ లాగుడును గడ్డి ఓర్చుకుంటుంది. వాలులో వేళ్లు చేసే పనీ అదే. పైపొర జారబోయినప్పుడు పైపొరనూ దాటి కింది పొరలోకి దిగిన వేళ్లు సాగి బిగుసుకుంటాయి. జారే పొరను వెనక్కి లాగడంతో పాటు కింది పొరకేసి అదుముతాయి కూడా, దాంతో రాపిడి పెరుగుతుంది.

1 మిల్లీమీటరు మందం వేరు తెగే బలం 20 మెగాపాస్కల్స్, అంటే చదరపు మిల్లీమీటరుకు సుమారు 2 కిలోల లాగుడు అనుకుందాం, పొదల్లో ఇది మామూలే. అంటే ఆ ఒక్క వేరు సుమారు 1.6 కిలోల బరువును మోస్తుంది. జారే పొర అడుగున చదరపు మీటరుకు అలాంటివి 500 ఉంటే, కాగితం మీద 800 కిలోలు. నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది ఇంకొకటి: మందంతో పోల్చి చూస్తే సాధారణంగా సన్న వేళ్లకే బలం ఎక్కువ. వాటిలో సెల్యులోజ్ అనే నార పదార్థం వాటా ఎక్కువగా ఉండటం దీనికి ఒక కారణం.

కాగితం మీద అని ఎందుకన్నానంటే, 1979లో వూ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు అలాస్కా వాలులను పరిశీలించి వేళ్ల బలాన్ని లెక్కగట్టడానికి ఇచ్చిన సూత్రం వేళ్లన్నీ ఒకేసారి తెగుతాయన్న లెక్క మీద నడుస్తుంది. నిజానికి తాడు పురుల్లాగా ఒకటి తెగితే భారం పక్కదాని మీద పడుతుంది. అందుకే అసలు బలం తక్కువే ఉంటుంది. పైగా వానకు మట్టి నానితే, తడినేలలో వేరుశనగలాగే, నున్నగా తిన్నగా ఉన్న వేరు తెగకముందే జారి వచ్చేస్తుంది. కొమ్మలు వేసి, వంకర్లు తిరిగి, రాళ్ల మధ్య చిక్కుకున్న వేరు మాత్రం అంత తేలిగ్గా రాదు.

లద్దాఖీలు త్సెర్మాంగ్ అనే సీబక్‌థార్న్ పొద ఈ పనిలో దిట్ట. దాని వేళ్లు పక్కలకు పాకి కొత్త పిలకలు వేస్తాయి, కొన్నేళ్లకు కింద వల అల్లినట్టవుతుంది. వేరు బుడిపెల్లోని ఫ్రాంకియా సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని అందిస్తాయి కాబట్టి సారంలేని గులక నేలలోనూ పెరుగుతుంది. అయితే దీనికి కాస్త తేమ కావాలి, అందుకే నది ఒడ్డుల్లో, వాగుల వెంట ఎక్కువ.

పొదలు నాటితే అన్నీ ఆగిపోతాయని చెప్పడం జనాన్ని మోసం చేయడమే. 2010 ఆగస్టు 5 రాత్రి లేహ్‌లో కుండపోతకు బురద, బండరాళ్లు ఊళ్ల మీద పడి 200 మందికి పైగా చనిపోయారు. అలాంటి ప్రవాహాన్ని ఏ పొదా ఆపలేదు. వేళ్లు చేరని లోతులో జారే కొండనూ ఆపలేదు. అవి కాపాడేది పైనున్న మీటరు మందం పొరను. చిన్న జారుడులు, వాన నీటి కోతలు మొదలయ్యేది అక్కడే.

లద్దాఖ్ తూర్పున ఉన్న చాంగ్‌థాంగ్ పీఠభూమిలో వంటచెరకు దొరకదు. బుర్త్సె అనే పొదను అక్కడివాళ్లు వేళ్లతో సహా తవ్వి పొయ్యిలో పెట్టుకుంటూ వచ్చారు, ఎందుకంటే మండే కట్టె అంతా వేళ్లలోనే ఉంది. మైనస్ 30 డిగ్రీల చలిలో వాళ్లను తప్పుపట్టలేం. గ్యాస్ సిలిండర్ అందిన ఊళ్లలో ఆ అవసరం తగ్గుతుంది. పొదను పైపైన కొడితే చాలావరకు మళ్లీ చిగురిస్తుంది. వేళ్లతో పెకలించిన చోట మిగిలేది వదులైన గుంట, మరుసటి వాన నీళ్లు ముందుగా దిగేది అందులోకే.