మళ్లీ మెడ్రాసు దేనికంటే

"రక్తం ఆగింది గదా, మళ్లీ మెడ్రాసు దేనికిరా అబ్బయా?" గూడూరు నుంచి మా మేనమామ ఫోన్. పోయిన నెల చెన్నైలో ఆయన అన్నవాహికలో రక్తం కారుతున్న సిరలకు ఐదు రబ్బరు బ్యాండ్లు వేసి, మూడు వారాలకు మళ్లీ రమ్మన్నారు. నెల్లూరు వైపు నుంచి సెంట్రల్‌లో దిగే చాలా కుటుంబాలకు వచ్చే సందేహమే ఇది. దీనికి జవాబు తెలియక ఆగిపోయేవాళ్లను చూస్తే నాకు భయం.

పేగుల నుంచి, ప్లీహం నుంచి వచ్చే రక్తం పోర్టల్ సిర ద్వారా కాలేయానికి చేరుతుంది. కాలేయానికి అందే రక్తంలో దాదాపు ముప్పాతిక వంతు ఇదే. సిర్రోసిస్‌లో కాలేయం మచ్చలు కట్టి గట్టిపడుతుంది. ముందుకు పోలేని రక్తం, కాలువ పూడితే నీళ్లు పిల్లకాలువల్లోకి మళ్లినట్టు, అన్నవాహిక అడుగున, కడుపులో ఉన్న సన్నటి సిరల్లోకి ఎగదన్నుతుంది. అవి ఉబ్బి మెలికలు తిరుగుతాయి. వాటినే వేరిసెస్ అంటారు. కాలేయానికి అటూ ఇటూ ఉన్న సిరల్లో పీడనం తేడా మామూలుగా 5 మిల్లీమీటర్ల పాదరసం దాటదు. 10కి చేరితే ఈ ఉబ్బులు పుట్టవచ్చు, 12 దాటితే చిట్లవచ్చు.

మామ జన్మలో మద్యం ముట్టలేదు. ఆయన కాలేయాన్ని తినేసింది హెపటైటిస్ బి వైరస్. ఊళ్లో మాత్రం మరోలా అనుకున్నారు. జబ్బుకన్నా ఆ మాటే ఆయన్ను ఎక్కువ కుంగదీసింది.

రక్తపు వాంతి అయినా, విరేచనం తారులా నల్లగా వచ్చినా చెన్నై రైలు కోసం చూడొద్దు. దగ్గర్లోని పెద్దాసుపత్రికే పోవాలి. ఆ సిరల్లో పీడనం తగ్గించే టెర్లిప్రెసిన్ లేదా ఆక్ట్రియోటైడ్ మందు, దాంతోపాటు యాంటీబయోటిక్ అక్కడే మొదలుపెట్టొచ్చు. ఎండోస్కోపీ, అంటే నోట్లోంచి కెమెరా గొట్టం దించి చూడటం, సాధారణంగా 12 గంటల్లోపు చేస్తారు. రక్తం ఎంత ఎక్కిస్తే అంత మేలనుకుని బంధువులు దాతల కోసం పరుగులు పెడతారు. హిమోగ్లోబిన్ 7, 8 దగ్గరుంటే డాక్టర్లు ఆపేస్తారు, ఎందుకంటే అతిగా ఎక్కిస్తే ఆ సిరల్లో పీడనం మళ్లీ పెరుగుతుంది. బార్సిలోనా వైద్యులు 2013లో ప్రచురించిన పరిశోధనలో, ఇలా పొదుపుగా రక్తం ఎక్కించినవాళ్లే ఎక్కువమంది బతికారు.

ఇక బ్యాండు సంగతి. మొలలకు రబ్బరు బ్యాండు వేసే పాత పద్ధతిని 1980లలో డెన్వర్‌లో గ్రెగ్ స్టీగ్‌మన్ అన్నవాహికకు తెచ్చాడు. గొట్టం కొనకు చిన్న పారదర్శకమైన మూత, దాని చుట్టూ సాగదీసిన బ్యాండ్లు. మామకు గొట్టం వేసినప్పుడు తెరమీద నేను చూశాను: నీలంగా ఉబ్బిన సిర మూతలోకి పీల్చుకుపోయి తెరంతా ఎర్రబడింది. డాక్టరుగారు మీట తిప్పారు. బ్యాండు జారి సిర మొదట్లో బిగుసుకుంది. మూతలోంచి బయటపడ్డ ఆ ఉబ్బు గుండ్రటి ద్రాక్షపండులా ఉంది. కొద్దిరోజుల్లో అది ఎండి రాలిపోతుంది, అక్కడ చిన్న పుండు మిగులుతుంది. అందుకే అన్నం మెత్తగా కలిపి తినమంటారు. కడుపులోని వేరిసెస్‌కైతే తరచూ బ్యాండు బదులు జిగురు మందు ఎక్కిస్తారు.

బ్యాండు సిరను మూస్తుంది గానీ గట్టిపడ్డ కాలేయాన్ని మెత్తబరచదు. ఒత్తిడి అలాగే ఉంటుంది, పక్క సిరలు ఉబ్బుతాయి. అందుకే రెండు నుంచి నాలుగు వారాలకోసారి, సిరలన్నీ మూసుకుపోయేదాకా బ్యాండ్లు వేస్తారు. ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు గొట్టం వేసి చూడాలి. పీడనం తగ్గించడానికి కార్వెడిలాల్ లేదా ప్రొప్రనొలాల్ మాత్రలు ఇస్తారు.

ఇదంతా చెప్పాక మామ కాసేపు మాట్లాడలేదు. "ఈసారి ఎన్ని వేస్తారంటావు?" అన్నాడు. లోపల ఎన్ని మిగిలాయో గొట్టం దించితేనే తెలుస్తుందన్నాను. శుక్రవారం పొద్దున బండికి టికెట్ తీయమన్నాడు.