నేల కింద నలభై ఐదు యూనిట్లు

ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ కొందామని ఈ మధ్య ఒక షోరూమ్‌కి వెళ్లినప్పుడు మా అమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టాను. రెండు నిమిషాలయ్యాక ఆమె తొడల కింద చెయ్యి దూర్చి చూపించింది. సీటుకీ తొడకీ మధ్య అరచెయ్యి సులువుగా పట్టేస్తోంది. మోకాళ్లు పైకి లేచి బరువంతా నడుం మీద పడుతోంది. "విజయవాడ దాకా ఇట్లా కూర్చోవాలంటే కష్టంరా" అంది.

కారణం ఆమె పాదాల కిందే ఉంది. ఈ బండ్లలో బ్యాటరీని నేల కింద పరుస్తారు. దానివల్ల బరువు కిందికి చేరి మలుపుల్లో బండి నిలకడగా ఉంటుంది, అది మంచిదే. కానీ నేల పైకి లేస్తే సీటుకీ నేలకీ మధ్య ఎత్తు తగ్గిపోతుంది. పెట్రోలు బండి కోసం గీసిన డిజైన్‌లోనే బ్యాటరీని ఇమిడ్చినప్పుడు ఈ ఇబ్బంది ఎక్కువ. అందుకే ఇంట్లో పెద్దవాళ్లని వెనక సీట్లో కనీసం పావుగంట కూర్చోబెట్టకుండా అడ్వాన్స్ కట్టొద్దు.

ఇక అందరూ ముందుగా అడిగే ప్రశ్న: ఒక్క చార్జింగ్‌తో ఎంత దూరం వస్తుంది? టాటా నెక్సాన్ ఈవీలో 45 కిలోవాట్ అవర్ల బ్యాటరీ ఉన్న మోడల్‌కి కాగితం మీద 489 కిలోమీటర్లు. కిలోవాట్ అవర్ అంటే మన కరెంటు బిల్లులో కనిపించే యూనిట్టే. 45 యూనిట్లతో 489 కిలోమీటర్లంటే వంద కిలోమీటర్లకు 9 యూనిట్ల పైచిలుకు. ఈ లెక్క వచ్చింది ప్రయోగశాలలో రోలర్ల మీద నడిపిన పరీక్షలోంచి. ఆ పరీక్షలో గరిష్ఠ వేగం 90, సగటు వేగం ముప్పై చిల్లరే. రోడ్డు మీద తమ కస్టమర్లలో ఎక్కువ మందికి 350-370 దాకా వస్తుందని కంపెనీ కూడా చెబుతోంది. ఏ బండికైనా ఈ భాగహారం మీరే చేసి చూసుకోండి.

కాగితం మీది లెక్కలో తగ్గిపోయే కిలోమీటర్లు హైవే మీద ఎక్కువగా పోయేది గాలిని చీల్చుకు వెళ్లడంలో. బైక్ మీద 40లో వెళ్తున్నప్పుడు ఛాతీకి తగిలే గాలి, 80లో రెండింతలు కాదు, నాలుగింతల బలంతో నెడుతుంది. కారు 80 నుంచి 100కి వెళ్తే వేగం పెరిగేది 25 శాతమే, గాలి అడ్డు పెరిగేది 56 శాతం. ఏసీ వేసుకుని నలుగురితో వెళ్లే ఇంత బండికి 80లో వంద కిలోమీటర్లకు సుమారు 15 యూనిట్లు, 100లో 19 దాకా అవుతాయని నా లెక్క. హైదరాబాద్ నుంచి విజయవాడకి దాదాపు 270 కిలోమీటర్లు. పది శాతం మిగుల్చుకుని నడిపితే 80లో బొటాబొటిగా చేరతాం. 100లో అయితే జగ్గయ్యపేట దాటాక ఎక్కడో ఆగాల్సిందే. లగేజీ బరువు గురించి భయపడనక్కర్లేదు. హైవే మీద దాని ప్రభావం తక్కువ. అదే లగేజీని టాప్ మీద కడితే మాత్రం గాలికి కొత్త గోడ కట్టినట్టే.

రోజువారీ వాడకానికి ఇంత టెన్షన్ లేదు. ఆఫీసు, స్కూలు, కూరగాయలు కలిపి 40 కిలోమీటర్లు తిరిగితే ఖర్చయ్యేది ఆరు యూనిట్లు. ఇంట్లో 15 ఆంప్స్ ప్లగ్ కూడా రెండు మూడు గంటల్లో అంత నింపేస్తుంది. అయితే ఆ ప్లగ్ మీ సొంత పార్కింగ్ దగ్గర ఉండాలి. అపార్ట్‌మెంట్‌లో మీ మీటర్ నుంచి అక్కడికి వైరు లాగడానికి అసోసియేషన్ ఒప్పుకుంటుందో లేదో ముందే తేల్చుకోండి. నా దృష్టిలో బండి రంగు, స్క్రీన్ సైజు అన్నీ దీని తర్వాతే.

బ్యాటరీలో ఏ రసాయనం వాడారో కూడా అడగండి. పిల్లల్ని ఎక్కించుకునే బండికి నేనైతే ఎల్ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్, కోరుకుంటాను. అందులో ఆక్సిజన్‌ని భాస్వరం గట్టిగా పట్టుకుని ఉంటుంది. బ్యాటరీ బాగా వేడెక్కినా ఆ ఆక్సిజన్ తేలిగ్గా విడుదలై మంటకు తోడవదు. నికెల్ వాడే లిథియం బ్యాటరీలతో పోలిస్తే ఎక్కువసార్లు చార్జింగ్‌కి తట్టుకుంటుంది. బరువు కాస్త ఎక్కువ, అంతే. దీన్ని 1997లో అమెరికాలోని టెక్సాస్‌లో శాస్త్రవేత్త జాన్ గుడ్‌ఎనఫ్ బృందం వెలుగులోకి తెచ్చింది. ఆ పరిశోధన పత్రంలో ఆయనతోపాటు ఉన్న పాఢీ, నంజుండస్వామి మన భారతీయులే కావడం నాకెంతో సంతోషం.

దూరప్రయాణంలో ఫాస్ట్ చార్జింగ్ 80 శాతం దాటాక నెమ్మదిస్తుంది. సంక్రాంతికి ఆర్టీసీ బస్సు ఎక్కినట్టే. మొదట ఎక్కినవాళ్లు చకచకా సీట్లలో సర్దుకుంటారు. చివర్లో కండక్టర్ "జరగండి, జరగండి" అంటే గానీ ఒక్కొక్కరూ లోపలికి పట్టరు. చార్జింగ్ అప్పుడు బ్యాటరీలోని గ్రాఫైట్ పొరల్లోకి లిథియం అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న లిథియం కణాలు, దూరేదీ అలాగే. తొందరపెడితే లోపలికి పోకుండా పైనే లోహంగా పేరుకుని బ్యాటరీని పాడుచేస్తాయి. అందుకే నిండుగా నింపాలని కూర్చోకుండా సూర్యాపేట దగ్గర ఒకసారి ఆగితే చాలు. 30 కిలోవాట్ల చార్జర్ అయినా అరగంటలో 15 యూనిట్ల దాకా ఎక్కుతాయి, అంటే ఇంకో వంద కిలోమీటర్లు. అమ్మకి ఎలాగూ రెండు గంటలకోసారి దిగి నాలుగడుగులు వేయాలి. ఆమె ఇడ్లీ తిని, కాఫీ తాగి, నడుం సాగదీసుకునేసరికి ఆ అరగంట అయిపోతుంది.